ఆపిన చోట ఆగని ట్రైపాడ్

ఎందుకు రాయవలసి వచ్చింది

మొన్న పెందుర్తిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. మాటల్లో క్రేన్ ఆపరేటర్ సింహాచలం పేరు వచ్చింది. "ఆడా? అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పాడుసేసీసి, ఎవుళ్ళ కాళ్ళో పట్టుకొని బయటపడిపోనాడు గదా" అన్నాడాయన పెరుగు కలుపుకుంటూ.

జరిగింది అది కాదు. జరిగింది పూర్తిగా తెలిసినవాళ్ళం నలుగురం. అందులో ఒకాయన చనిపోయారు, ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోయారు, మూడో మనిషి సింహాచలమే. విచారణ కాగితాల్లో "వీడియోను పరిగణనలోకి తీసుకోలేదు" అని ఒక్క వాక్యం ఉంది. ఎందుకు తీసుకోలేదో అందులో లేదు. ఆ వీడియో తీసింది నేను, కారణం నా ట్రైపాడ్. కాబట్టి ఆ వాక్యం వెనక ఉన్నది రాసిపెట్టే పని నాది.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది. వాళ్ళు నన్ను కలిసినప్పుడల్లా ఏ కెమెరా కొనాలని అడుగుతారు. కెమెరాని దేని మీద పెట్టాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ ఆ వయసులో అడగలేదు.

లైబ్రరీ చదువు

మా నాన్న పోర్టులో సరుకులు ఎక్కించి దించే కలాసీ. నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగతాదంతా మా పేట గ్రంథాలయంలో చదువుకున్నాను. భౌతికశాస్త్రం, సర్వేయింగ్, ఇంజనీరింగ్ డ్రాయింగ్, ఏది దొరికితే అది. ఫోటోగ్రఫీ మీద అక్కడ పదకొండు పుస్తకాలుండేవి, అన్నీ రెండేసిసార్లు చదివాను. లైబ్రేరియన్ వరలక్ష్మి గారు ఫ్యాను కింద కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచేవారు. డిగ్రీ ఉన్నవాళ్ళకి తెలియని సంగతి నేను చెప్పగలిగితే ఆ రోజంతా నాకు బాగుండేది. ఇప్పటికీ అంతే.

పని నేర్పింది మాత్రం స్టూడియో సన్యాసిరావు గారు. ఆయన ఐదో తరగతి దాటలేదు. స్టూడియోకి కొత్త ట్రైపాడ్ వస్తే ఆయన దాన్ని మేడ మీదకి పట్టుకెళ్ళి, కెమెరా బిగించి, దూరాన ఉన్న కొబ్బరిచెట్టు మీదకి పూర్తిగా జూమ్ చేసేవారు. కెమెరాని మెల్లగా పక్కకి తిప్పి, చెట్టు దగ్గర ఆపి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని తెర వైపు చూస్తూ నిలబడేవారు. 

"ఏటండీ చూస్తున్నారు?" అని ఒకసారి అడిగాను.

"నాను ఆపీసినాను. అదింకా ఏటి సేత్తందో సూత్తన్నాను" అన్నారు.

పెద్దాయన చాదస్తం అనుకున్నాను. తర్వాత సొంతంగా పని మొదలుపెట్టినప్పుడు ట్రైపాడ్‌ని నేను పుస్తకం ప్రకారం ఎంచుకున్నాను. స్టాండు మోయగల బరువు కెమెరా బరువుకి రెండింతలైనా ఉండాలని చదివాను. నాది నాలుగు కేజీల కెమెరా. డబ్బా మీద పన్నెండు కేజీలు అని ఉన్న దాన్ని కొని, పుస్తకం కంటే నాలుగడుగులు ముందున్నానని సంతోషపడ్డాను.

సన్యాసిరావు గారికి చూపిస్తే ఆయన అడిగింది ఒకటే. "కొబ్బరిసెట్టు సూసినావా?"

"లేదండీ. పన్నెండు కేజీలు మోస్తుంది."

"నానడిగింది అది కాదు" అని ఆయన టీ తాగడం మొదలుపెట్టారు.

నేను చదివిన పుస్తకం ఫోటోలు తీసేవాళ్ళది. ఫోటోకి స్టాండు బిగించాక కదలకపోతే చాలు. వీడియోకి అది కదలాలి, కదిలి ఆగాలి. వీడియో ట్రైపాడ్‌లో కింద కాళ్ళు, పైన కెమెరాని తిప్పే హెడ్ ఉంటాయి. ఫ్లూయిడ్ హెడ్ లోపల పలకల మధ్య చిక్కటి ద్రవం ఉంటుంది. దానివల్ల కెమెరా బెల్లం పాకంలో గరిటె తిరిగినట్టు మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో తిరుగుతుంది. నా డబ్బా మీద కూడా ఫ్లూయిడ్ అనే ఉంది. లోపల ఉన్నది గ్రీజు. పక్కకి తిప్పి ఆపి చెయ్యి తీస్తే, హెడ్ వెంట్రుకవాసి వెనక్కి వచ్చేది. పెళ్ళిళ్ళలో ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం నా బలహీనత. డబ్బా మీద అచ్చుని కూడా పుస్తకంలాగే నమ్మాను.

బెర్త్ మీద

పోర్టులో సరుకు దింపే ఒక కంపెనీకి నేను వీడియోలు తీసేవాణ్ణి. పెద్ద యంత్రాలు ఓడ నుంచి బెర్త్ మీదకి, అంటే ఓడ ఆగే గట్టు మీదకి, దించేటప్పుడు ఎక్కడైనా దెబ్బ తగిలితే ఎవరి చేతిలో తగిలిందో తేలడానికి మొత్తం రికార్డు చేయించేవారు. ఆ రోజు దించుతున్నది అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీకి వెళ్ళవలసిన ట్రాన్స్‌ఫార్మర్. క్రేన్ మీద ఉన్నది సింహాచలం.

సింహాచలంది విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం. అప్పటికి ఇరవయ్యేళ్ళుగా క్రేన్ నడుపుతున్నాడు. నాకు చుట్టం కాదు, అయినా బావ అనే పిలిచేవాడు. క్యాబిన్‌లో తన ముందు స్టీలు గ్లాసులో సగానికి నీళ్ళు పోసి పెట్టుకునేవాడు. క్రేన్ ఆపినప్పుడు ఆ నీళ్ళు గ్లాసు అంచుకి ఎక్కకూడదు, అది ఆయన పెట్టుకున్న లెక్క. 

ట్రాన్స్‌ఫార్మర్‌ని తీసుకెళ్ళే ట్రైలర్ ఎక్కడ ఆగాలో నేల మీద సుద్దతో గీత గీశారు. క్రేన్ లోడుని ఎడమ నుంచి కుడికి తిప్పుతుంది. లోడు గీతకి సరిగ్గా పైకి రాగానే కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ విజిల్ వేస్తాడు, ఆపరేటర్ ఆపుతాడు, తర్వాత నిలువుగా దించుతాడు. నేను లోడుని దగ్గరగా జూమ్ చేసి, దానితోపాటే కెమెరాని కుడికి తిప్పాను. వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. ఫ్రేమ్ బాగుందని కూడా అనుకున్నాను. విజిల్ వినపడగానే తిప్పడం ఆపి, హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీశాను.

లోడు దిగింది. కానీ ట్రైలర్ మీద చెక్కదిమ్మల మీద కూర్చోవలసిన మూల, జానెడు పక్కన ఇనుప అంచు మీద పడి సొట్టపోయింది. మనుషులకి ఏమీ కాలేదు.

మర్నాడు ఆఫీసులో గోడమీది పెద్ద టీవీలో నా వీడియో వేశారు. సేఫ్టీ ఆఫీసర్ జోసెఫ్ గారు, మేనేజర్ మురళీకృష్ణ గారు, సింహాచలం, నేను ఉన్నాం. విజిల్ స్పష్టంగా వినపడింది. విజిల్ తర్వాత కూడా లోడు కుడికి జరిగింది. ఎక్కువ కాదు, జానెడు ఉంటుందనిపించింది. జోసెఫ్ గారు మూడుసార్లు వేసి చూశారు.

"తాడు మీద ఊగిందంటే వెనక్కి కూడా రావాలి కదా" అన్నారు. "రాలేదు. వెళ్ళి అక్కడే ఆగింది. అంటే విజిల్ తర్వాత కూడా తిప్పావు."

సింహాచలం టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. సాయంత్రానికి సస్పెన్షన్ కాగితం ఇచ్చారు. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. విజిల్ విననివాడన్న పేరుతో ఇంకో కంపెనీ క్రేన్ ఇవ్వదు. ఆయనకి వేరే పని రాదు.

రెండు రోజుల తర్వాత మా ఇంటికొచ్చాడు. కాఫీ ఇస్తే అలాగే పట్టుకు కూర్చున్నాడు.

"బావ, నాను విజిల్ ఇన్నాను. ఇన్నెంటనే ఆపీసినాను. గలాసులో నీళ్ళు కదల్లేదు" అన్నాడు.

"మరి అక్కడే ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పను? టీవీ సూసినాక నాకే డౌటొచ్చీసింది. ఇరవయ్యేళ్ళనించి నా సెయ్యి ఏటి సేత్తందో నాకు తెల్సు అనుకుంటన్నాను. ఇప్పుడు తెలీదేమో అనిపిత్తంది."

నేను ఓదార్పుగా ఏదో అన్నాను. వీడియో అబద్ధం చెప్పదని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మూలన స్తంభం

ఆ మర్నాడు, రికార్డు కోసం కాపీ తీస్తూ అదే వీడియోని నా ల్యాప్‌టాప్‌లో చూశాను. చాలా టీవీలు బొమ్మ అంచులని కొంచెం కత్తిరించి చూపిస్తాయి. ఆఫీసు టీవీలో కనపడనిది ల్యాప్‌టాప్‌లో కనపడింది. ఫ్రేమ్‌లో కింద కుడి మూలన, బెర్త్ మీది దీపస్తంభం కొస. విజిల్‌కి ముందు అది ఫ్రేమ్‌లోకి వచ్చింది. విజిల్ తర్వాత మళ్ళీ బయటివైపు జరిగింది. 

స్కేలు తెర మీద పెట్టి కొలిచాను. లోడు ఎంత జరిగిందో స్తంభమూ అంతే జరిగింది, అదే వైపు, అంతసేపే.

దీపస్తంభం జరగదు. జరిగింది కెమెరా. నేను చెయ్యి తీయగానే హెడ్ వెంట్రుకవాసి ఎడమకి వచ్చింది. అంత జూమ్‌లో వెంట్రుకవాసి జానెడైంది. కెమెరా ఎడమకి వస్తే ఫ్రేమ్‌లో ఉన్నవన్నీ కుడికి వెళ్ళినట్టు కనపడతాయి. వెనక ఆకాశమే ఉంది కాబట్టి పోల్చుకోవడానికి ఇంకేమీ లేదు.

సర్వేయింగ్ పుస్తకంలో మొదటి పాఠాల్లోనే ఉంటుంది ఇది. పరికరాన్ని నమ్మే ముందు, కదలదని తెలిసిన ఒక గుర్తుని దానితో చూడాలి. నేను ఆ పాఠం చదివాను, నోటుబుక్‌లో ఎత్తి రాసుకున్నాను కూడా. కెమెరా కూడా ఒక పరికరమేనని తట్టలేదు.

ఇది తెలిసిన తర్వాత రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్తే నేను తీసిన పాత వీడియోలన్నీ అనుమానంలో పడతాయి. నాకు పని తెలుసన్న పేరు పోతుంది. పుస్తకాలు చదివి సంపాదించుకున్న పేరు అది. ఆ రెండు రోజులూ సింహాచలం ఇంట్లో కూర్చుని తన చేతిని తనే అనుమానిస్తున్నాడని నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

మూడో రోజు సన్యాసిరావు గారి దగ్గరికి వెళ్ళాను. అంతా విన్నారు.

"కొబ్బరిసెట్టు సూడలేదు గదా" అన్నారు.

"లేదండీ."

"ఎల్లి సెప్పీయ్. ఆడి సెయ్యి ఎవుళ్ళూ సూడలేదు. నీ టీవీ అందరూ సూసినారు."

గోడ గడియారం

ముందు మేనేజర్ మురళీకృష్ణ గారికి చెప్పాను. ఆయనది కృష్ణా జిల్లా, మాట మెత్తన.

"ఇప్పుడిదంతా ఎందుకండీ? మీ వీడియో నమ్మకంగా ఉంటుందనే కదా మిమ్మల్ని పిలిచేది" అన్నారు. "అది నమ్మకం లేదని మీరే అంటే, పైవాళ్ళకి నేనేం చెప్పుకోవాలి? మళ్ళీ మీకు గేట్ పాస్ రాయమంటే నా చేతిలో ఉండదు మరి."

ఆయన చెప్పింది నిజమే. నేను జోసెఫ్ గారిని కూడా పిలవమని అడిగాను. సింహాచలాన్ని నేనే వెంట తీసుకెళ్ళాను.

అదే గదిలో అదే ట్రైపాడ్ వేసి, కెమెరాని ఆ టీవీకే కలిపాను. వరండా చివర గోడ గడియారం ఉంది, దాని మీదకి పూర్తిగా జూమ్ చేశాను. కెమెరాని ఎడమ నుంచి కుడికి తిప్పి, గడియారం దగ్గర ఆపి, చెయ్యి తీసి, సన్యాసిరావు గారిలాగే రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. 

టీవీలో గడియారం మెల్లగా కుడికి జరిగి ఆగింది. వెనక్కి రాలేదు.

సింహాచలం గొంతు సవరించుకున్నాడు.

"గడియారాన్ని కూడా సస్పెండు సేత్తారేటి సార్?"

జోసెఫ్ గారు నవ్వలేదు. "ఇంకోసారి తిప్పండి" అన్నారు. నాలుగుసార్లు తిప్పించారు. నాలుగుసార్లూ గడియారం జరిగింది. తర్వాత ల్యాప్‌టాప్‌లో స్తంభం చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మరి మూల ఎందుకు సొట్టపోయిందని అడిగారు.

ఆ జవాబు ట్రైలర్ డ్రైవర్ పైడిరాజు దగ్గర ఉంది. అడగ్గానే చెప్పాడు. "గీత మీద నీళ్ళు పడి నా పక్క సెరిగిపోనాది సార్. అందాజుగా ఆపినాను. జానెడు ఇటో అటో." వీడియోలో జవాబు దొరికేసింది కాబట్టి అంతవరకు ఆయన్ని ఎవరూ అడగలేదు. 

సింహాచలం పదకొండో రోజున మళ్ళీ క్రేన్ ఎక్కాడు. పైడిరాజుని మందలించి వదిలేశారు. బెర్త్ మీద సుద్ద మానేసి పెయింటుతో గీతలు వేయించారు. ఆ కంపెనీ నన్ను మళ్ళీ పిలవలేదు. మురళీకృష్ణ గారిని నేను తప్పుపట్టను. వీడియో కోసం పెట్టుకున్న మనిషి వీడియోని నమ్మొద్దంటే ఎవరైనా అదే చేస్తారు. అయితే కాగితం మీద కారణం కూడా రాసి ఉంటే, ఇన్నేళ్ళ తర్వాత పెళ్ళి భోజనాల దగ్గర నేను ఆ మాట వినవలసి వచ్చేది కాదు.

కొనేటప్పుడు

కొత్త ట్రైపాడ్ కోసం జగదాంబ జంక్షన్ దగ్గర షాపుకి వెళ్తూ సింహాచలాన్ని రమ్మన్నాను. షాపతను అలవాటుగా మొదలుపెట్టాడు. "ఇది పదిహేను కేజీలు మోస్తాది సార్."

"నాను వందల టన్నులు మోయించినాను తమ్ముడూ" అన్నాడు సింహాచలం. "మొయ్యడం కాదు. ఆగుతాదా లేదా అది సెప్పు."

ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ అంత సూటిగా లేదు. 

షాపుకి మీ కెమెరాని పట్టుకెళ్ళండి, మైకు, బ్యాటరీ, రోజూ దానికి తగిలించేవన్నీ తగిలించి. ఫ్లూయిడ్ హెడ్‌లో కెమెరా ముందుకి వాలిపోకుండా ఎదురు పట్టే స్ప్రింగు ఉంటుంది. షాపతను దాని గురించి చెప్తుంటే సింహాచలం మధ్యలోనే అందుకున్నాడు. "క్రేనుకి ఎనకాల కట్టే బరువే గదా. అది ఎక్కువైపోతే ముందు లేచిపోతాది." సరిగ్గా అంతే. నా పాత హెడ్‌కి ఆ జబ్బు కూడా ఉండేది. పన్నెండు కేజీల స్ప్రింగు నాలుగు కేజీల కెమెరాని పైకి తోసేది, నేను తెలియకుండానే రోజంతా చేత్తో అదిమి పట్టేవాణ్ణి. భుజం నొప్పికి మందులు కూడా వాడాను. బరువు అంకె ఎంత పెద్దదని కాదు, మీ కెమెరా బరువు ఆ హెడ్ పట్టే బరువుల మధ్యలో పడుతుందా అని చూడండి. కెమెరాని కిందికి వంచి వదిలేయండి, పైకెత్తి వదిలేయండి. వదిలిన చోటే ఉండాలి.

పక్కకి తిప్పేటప్పుడు బిగువు మొదట్లో ఎంతో చివర్లోనూ అంతే ఉండాలి. మొదట పట్టేసి తర్వాత ఒక్కసారి జారితే అది గ్రీజు. కాళ్ళు పూర్తిగా పైకి లాగి, హెడ్‌ని రెండు చేతులతో పట్టి మెలితిప్పి చూడండి. కాళ్ళు మెలిపడితే హెడ్ ఎంత మంచిదైనా వెనక్కి వస్తుంది. నేల సమంగా ఉండదు, బెర్త్ మీద అయితే నీళ్ళు పోవడానికి వాలుగానే వేస్తారు. కాళ్ళు కదపకుండా హెడ్‌ని దాని అడుగున గిన్నెలాంటి గుంటలో తిప్పి మట్టం చేసుకునే రకం తీసుకోండి. మన ఊళ్ళో ఉప్పుగాలి ఉంది. బీచ్ నుంచో పోర్టు నుంచో వచ్చిన రోజు కాళ్ళని మంచినీళ్ళ గుడ్డతో తుడవకపోతే ఏడాదికి స్క్రూలు కదలవు. 

చివరి పరీక్ష కొబ్బరిచెట్టు. షాపు లోపల దూరం చాలదు, వీధి గుమ్మంలో పెట్టించండి. ఎదుటి బోర్డుని జూమ్ చేసి, తిప్పి, ఆపి, చేతులు వెనక్కి కట్టుకోండి. షాపతను విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. ఆ రోజు మేం నాలుగు హెడ్‌లు చూశాం. మూడింటిని సింహాచలం తల అడ్డంగా ఊపి పక్కన పెట్టించాడు. నాలుగోది నేను రిటైరయ్యే దాకా నా దగ్గరుంది.

కదలికని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకోవచ్చని ఇప్పటివాళ్ళు అంటారు. పెళ్ళి వీడియోకి చేసుకోండి. ఒక మనిషి తప్పొప్పులు తేల్చే వీడియోకి మాత్రం వద్దు, అది మీ తప్పుని ఇంకా నున్నగా చేసి దాచేస్తుంది. ఆ సంఘటన తర్వాత నేను ఏది తీసినా, నేలలో పాతిన వస్తువు ఒకటి ఫ్రేమ్ మూలన ఉండేలా చూసుకున్నాను. పెళ్ళివాళ్ళు కూడా అడిగేవారు, ఆ స్తంభం ఎందుకండీ అని. అలవాటండీ అనేవాణ్ణి.

రుణపడినవాళ్ళు

ఫ్యాను కింద కుర్చీ ఇచ్చిన వరలక్ష్మి గారికి, వినని శిష్యుడికి కూడా రెండోసారి అదే మాట చెప్పిన సన్యాసిరావు గారికి, నాలుగుసార్లు తిప్పించి చూసిన కీర్తిశేషులు జోసెఫ్ గారికి, అడగ్గానే నిజం చెప్పిన పైడిరాజుకి, ఆ రోజు గదిలోంచి లేచి వెళ్ళిపోగలిగీ వెళ్ళని మురళీకృష్ణ గారికి నా కృతజ్ఞతలు. చెప్పకుండా దాచిన ఆ రెండు రోజులూ నా ముఖం చూసి, ఏటైందని అడక్కుండా, సన్యాసిరావు గారింటికి వెళ్ళిరమ్మన్న నా భార్య గౌరికి కూడా.

ఈ పేర్ల తర్వాత సింహాచలానికీ, దీపస్తంభానికీ కూడా కృతజ్ఞతలు చెప్తూ ఒక వాక్యం రాశాను. స్తంభం మీద తెల్లరంగుతో ఉన్న నంబరు పదిహేడని అందులో వేశాను.

పోయిన వారం ఇదంతా దువ్వాడ వెళ్ళి సింహాచలానికి చదివి వినిపించాను. ఆయనా రిటైరయ్యాడు. కాళ్ళు పట్టుకున్నాడన్న మాట దగ్గర కానిమ్మన్నట్టు చేత్తో సైగ చేశాడు. తన చేతిని తనే అనుమానించిన చోట కిటికీలోంచి బయటికి చూశాడు. గడియారం దగ్గర కొంచెం నవ్వాడు. అంతా అయ్యాక అన్నాడు.

"పదిహేడు కాదు బావ. పందొమ్మిది. పదిహేడు గేటు కాడుంది."

"అంత గుర్తుందా?"

"మరుండదేటి" అన్నాడు. "మళ్ళీ క్రేనెక్కినాక రోజూ ముందు దాన్నే సూసీవోణ్ణి."

ఆ అంకె కొట్టేసి అక్కడే దిద్దాను. సింహాచలానికీ, పందొమ్మిదో నంబరు దీపస్తంభానికీ కృతజ్ఞతలు.